రెండు కుర్చీల గది

ఇవాళ పొద్దున అమ్మ మళ్ళీ కుట్టుమిషన్‌కు నూనె పోసింది. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో నా వీపు దానంతట అదే నిటారుగా అయిపోయింది, చేతులు ఒళ్లోకి వచ్చేశాయి. ఎవరో గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే మా బాపట్ల ఇంటి గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. లేదని తెలిసి కూడా ఇంకోసారి చూశాను. పదమూడేళ్లయినా ఆ వాసన వస్తే చాలు, నేను తెనాలిలో ఒక మేడ మీద చివరి గదిలో, రెండు కుర్చీల్లో ఒకదాని మీద కూర్చునే ఉంటాను. ఆ గది సత్తార్ సార్‌ది. ఆయన పోయి ఏడాది దాటింది. నేను చివరి చూపుకు వెళ్లలేదు. డ్యూటీలో ఉన్నాను, స్క్రీన్ వదిలి రావడం కుదరదని చెప్పాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సత్తార్ సార్ మొదట దర్జీ. కింద వాళ్ల అన్నయ్య టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్‌గా పనిచేసేవారు. టేపు లేకుండా మనిషిని చూసి కొలత చెప్పేవారట, తర్వాత టేపు పెట్టి చూస్తే అంగుళం తేడా ఉండేది కాదట. ఆయన కంప్యూటర్ ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తెలియదు. నేను చేరేనాటికి షాపు మీద మేడలో పన్నెండు కంప్యూటర్లు, ఒక వైట్ బోర్డు, నలభైమంది పిల్లలు ఉండేవారు. కింద మిషన్లు తిరుగుతుంటే పైన మా బల్లలు సన్నగా అదిరేవి. పాఠం కంటే ముందు నూనె వాసన ఎక్కేది మాకు. డిగ్రీలు పూర్తిచేసి ఏ ఉద్యోగానికి పనికొస్తామో తెలియక తిరుగుతున్న మాలాంటివాళ్లం రేపల్లె నుంచీ, పొన్నూరు నుంచీ, బాపట్ల నుంచీ రైళ్లలో వచ్చి ఆయన దగ్గర పడేవాళ్లం. ఆయన చెప్పే కోర్సులు వేరేచోటా దొరుకుతాయి. మేం వచ్చేది ఆయన ఇచ్చే చీటీ కోసం.

ఐటీలో పని చేసేవాళ్లు నాలుగు రకాలని ఆయన లెక్క. కట్టే మనిషి, వెతికే మనిషి, చెప్పే మనిషి, కాపలా మనిషి. కట్టేవాళ్లు ప్రోగ్రాములు రాయాలి. వెతికేవాళ్లు వాటిలో తప్పులు పట్టాలి. చెప్పేవాళ్లు క్లయింట్లతో మాట్లాడాలి. కాపలావాళ్లు నడుస్తున్న సిస్టమ్‌లు ఆగిపోకుండా చూస్తూ కూర్చోవాలి. "సైజు తెలియకుండా గుడ్డ కత్తిరించకూడదు గదమ్మా. ఉద్యోగమూ అంతే," అనేవారు. ఆ సైజు ఎలా తీస్తారన్నదే అందరికీ భయం. ఎందుకంటే ఆయన ప్రశ్నలు అడిగేవారు కాదు. మనిషిని ఒక్కరినే చివరి గదిలోకి పంపేవారు.

ఆ గదిలో ఒక కిటికీ, అదీ మూసే ఉండేది. రెండు కుర్చీలు గోడకేసి చూస్తూ పక్కపక్కన వేసి ఉండేవి. అంతకుమించి ఏమీ లేదు. ఫోన్ బయట పెట్టి వెళ్లాలి. మిట్టమధ్యాహ్నం గంటసేపు కూర్చోవాలి. ఒక్క మనిషికి రెండు కుర్చీలు ఎందుకు సార్ అని నేను అడిగాను. నాకు నోరు ఎక్కువ. ఆయన నవ్వలేదు. "ఒకటి నీకు," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. రెండోది ఎవరికో చెప్పలేదు. గంట తర్వాత తలుపు తీసి ముందు కుర్చీల వంక చూసేవారు, ఆ తర్వాత మన వంక. అప్పుడు ఒకే ఒక్క మాట అడిగేవారు. "లోపల ఎవరున్నారమ్మా?"

ఆ ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్లది. కొలకలూరు నుంచి వచ్చే శ్రీను, "ఎవరూ లేరు సార్. బల్లులు మూడున్నాయి. ఒకదానికి తోక లేదు," అన్నాడు. వాడు వెతికే మనిషి. ఈ రోజుకీ టెస్టింగ్‌లోనే ఉన్నాడు, వాడి పేరు చెబితే ప్రోగ్రాములు రాసేవాళ్లు హడలిపోతారట. కర్లపాలెం అమ్మాయి ఒకతె గంట తర్వాత నవ్వుకుంటూ బయటికొచ్చి, "కాసేపు మాట్లాడుకున్నాం సార్," అంది. ఎవరితోనే అని మేం పట్టుకుని అడిగితే, మమ్మల్ని వింతగా చూసి టిఫిన్ డబ్బా విప్పుకుంది. ఆమె చెప్పే మనిషి. ఆమె కూర్చున్నప్పుడు రెండో కుర్చీ ఆమె వైపు తిరిగి ఉందని సార్ వాళ్లావిడ ఫాతిమా ఆంటీ చెప్పారు. తనే తిప్పుకుని ఉంటుందిలే అని మాకు మేం సర్దిచెప్పుకున్నాం.

నా జవాబు నాకు బాగా గుర్తు. తలుపు తెరుచుకుంది. సార్ అడిగారు. నేను లేచి నిలబడి, "నేనున్నంతసేపూ ఎవరూ రాలేదు సార్," అన్నాను. ఆయన కళ్లు ఒక్క క్షణం చిన్నవయ్యాయి. తల ఊపారు. మూడు రోజుల తర్వాత నాకు అందిన చీటీలో ఒకే మాట ఉంది. కాపలా.

ఇక్కడ నా పేరు సంగతి చెప్పాలి. మా ఇంటిపేరు సజ్జా. నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ మస్తాన్ దర్గాకు మొక్కుకుంది, అందుకని మస్తానమ్మ అని పెట్టారు. మా వైపు ఇదేమీ వింత కాదు. ఒకే బడిలో ఒకే బెంచీ మీద హిందువుల మస్తాన్‌రావూ, ముస్లింల మస్తాన్‌వలీ పక్కపక్కన కూర్చుంటారు. మా బ్యాచ్‌లోనే రేపల్లె నుంచి షేక్ మస్తాన్‌బీ వచ్చేది. ఇద్దరినీ అందరూ మస్తానీ అనే పిలిచేవాళ్లు. రిజిస్టర్లో ఇద్దరం ఎస్. మస్తానీలమే. సార్ మాత్రం బాపట్ల మస్తానీ, రేపల్లె మస్తానీ అని విడదీసేవారు. చీటీలు ఇచ్చే రోజున ఆయనకు జ్వరం. ఫాతిమా ఆంటీ మెట్ల మీద నిలబడి పేర్లు చదివి పంచారు. "ఎస్. మస్తానీ," అన్నారు. మేమిద్దరం ఒకే మెట్టు మీద ఉన్నాం. నేను ముందు చెయ్యి చాచాను. ఏ పనికైనా ముందు చెయ్యి చాచడం నా అలవాటు. తర్వాతి చీటీ ఆమె తీసుకుంది. ఆమెది, కట్టే మనిషి.

ఆ చీటీ పట్టుకుని నేను ఒక కంపెనీ సర్వర్లు చూసే ఉద్యోగంలో చేరాను. మొదట హైదరాబాదులో, తర్వాత ఇంటి నుంచే. నా స్క్రీన్ నిండా పచ్చ చుక్కలుంటాయి. ఏదైనా ఎర్రబడితే ఫోన్ చేయాలి. ఎర్రబడకుండా ఉంటే నేను పని బాగా చేసినట్టు. అంటే ఏమీ జరగకపోవడమే నా పని. మొదటి ఏడాది పిచ్చెక్కినట్టు ఉండేది. ఊరికే బల్ల మీద వేళ్లు ఆడించేదాన్ని, దేన్నో పట్టుకుని విప్పాలనీ బిగించాలనీ ఉండేది. అప్పుడల్లా చీటీ తీసి చూసుకునేదాన్ని. కాపలా. సార్ తప్పు చెప్పరు కదా, లోపం నాలోనే ఉందనుకునేదాన్ని. మెల్లగా వేళ్లు ఊరుకున్నాయి. తర్వాత తర్వాత ఏ ఇంటికి వెళ్లినా తలుపు కనపడేటట్టు కూర్చోవడం మొదలుపెట్టాను. పెళ్లిళ్లలో కూడా భోజనం మీద కాదు, గుమ్మం మీదే చూపు. నేను చూడటం మానేస్తే ఏదో జరుగుతుందని లోపల ఒక భయం పాతుకుపోయింది.

పోయిన నెల ఆఫీసు నుంచి ప్రశ్నల పత్రం వచ్చింది. పచ్చ చుక్కల్ని ఇక మీదట సాఫ్ట్‌వేరే చూసుకుంటుందట. మా టీమ్‌లో ప్రతి ఒక్కరూ రెండు వారాల్లోగా అరవై ప్రశ్నలకు జవాబులు పంపాలి. దాన్ని బట్టి మన స్వభావం ఏ రకమో తేలుస్తారు. ప్రోగ్రాములు రాసే రకమని తేలినవాళ్లకు శిక్షణ ఇచ్చి ఆ టీమ్‌లోకి తీసుకుంటారు. కానివాళ్లకు ఒక నెల జీతమిచ్చి పంపేస్తారు. అమ్మా నేనూ నా జీతం మీదే బతుకుతున్నాం. ఆదివారం పొద్దున పత్రం తెరిచాను. అమ్మ పక్కనే మిషన్‌కు నూనె పోస్తోంది. మొదటి ప్రశ్న, ఒంటరిగా ఉన్నప్పుడు మీకు ఎలా ఉంటుంది అని. నేను ఏ రకమో నాకు తెలుసు. నా పర్సులో చీటీ ఉంది. ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టిన ఆ మాటే ఇప్పుడు నన్ను బయటికి నెట్టబోతోంది. లాప్‌టాప్ మూసేశాను. ఆ నూనె వాసనలో ఎందుకో సార్‌ను చూడాలనిపించింది. సార్ లేరు కాబట్టి గురువారం సెలవు పెట్టి ఫాతిమా ఆంటీ దగ్గరికి వెళ్లాను.

కింద షాపు మూసేశారు. మిషన్లు లేవు. అయినా మెట్లు ఎక్కుతుంటే ఆ నూనె వాసన వచ్చింది. ఆంటీ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "ఇద్దరిలో ఎవరో ఒకరు వస్తారనుకున్నానమ్మా," అన్నారు. ఇద్దరెవరు అని అడిగే లోపే లోపలికి వెళ్లి ఒక పొడుగాటి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. దర్జీలు కొలతలు రాసుకునే పుస్తకం. సార్ అందులో పేజీకి ఒక మనిషి చొప్పున మా జవాబులు రాసుకున్నారు. శ్రీను బల్లులున్నాయి. కర్లపాలెం అమ్మాయి కబుర్లున్నాయి. నా పేజీ వచ్చింది. సజ్జా మస్తానీ, బాపట్ల. దాని కింద సార్ అక్షరాల్లో, "రెండో కుర్చీ కాలు పొట్టిగా ఉంది సార్, కాగితం మడిచి పెట్టాను." ఆ కింద, కట్టే మనిషి. పేజీ తిప్పాను. షేక్ మస్తానీ, రేపల్లె. "నేనున్నంతసేపూ ఎవరూ రాలేదు సార్." కాపలా. అట్టడుగున వేరే సిరాతో ఇంకొక వాక్యం ఉంది. చీటీలు మారాయి, చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు ఆంటీ?" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినపడింది.

"నాదే తప్పమ్మా, పంచింది నేను. ఆయనకి జ్వరం తగ్గాక తెలిసింది. అప్పటికి మీ ఇద్దరికీ ఉద్యోగాలొచ్చేశాయి. రెండు వారాలు సరిగ్గా అన్నం తినలేదు. ఒకళ్ల కొలతతో కుట్టిన జాకెట్టు ఇంకొకళ్లు వేసుకెళ్లారు, వదులైతే తిరిగొస్తారుగా, అప్పుడు చెబుతాను అన్నారు. రోజూ మెట్ల వంక చూసేవారు. మీరు రాలేదు."

నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం రావడం ఎంత నరకమో అప్పుడే తెలిసింది. పదమూడేళ్లు నా వేళ్లను నేనే కట్టేసుకున్నాను. కానీ ఆ కోపం కంటే పెద్దదొకటి నా వెన్ను మీద నెమ్మదిగా పాకుతోంది. ఎవరూ రాలేదు సార్ అన్నది నేను. నాకు గుర్తుంది. సార్ కళ్లు చిన్నవైనదీ గుర్తుంది. కాగితం మడిచి పెట్టినట్టు మాత్రం ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు.

మర్నాడు తెనాలిలో బండి మారి రేపల్లె వెళ్లాను. మస్తాన్‌బీ నంబరు ఆంటీ ఇచ్చారు. పెద్ద కంపెనీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తోంది, మంచి పేరుందని విన్నాను. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేను పుస్తకం మాట ఎత్తకుండా, సార్ అడిగినప్పుడు నువ్వేం చెప్పావే అని మాత్రం అడిగాను. ఆమె ఆలోచించను కూడా లేదు.

"కుర్చీ కాలు పొట్టిగా ఉందన్నాను. కాగితం మడిచి పెట్టాను గదా. ఏం?"

ఫోన్లో తీసుకున్న పేజీల ఫోటోలు చూపించాను. ఆమె రెండు పేజీలూ మళ్లీ మళ్లీ చదివింది. టీ మీద మీగడ కట్టింది. "మొదట్లో ప్రోగ్రామ్ రాయడం అయిపోయాక కదలబుద్ధి అయ్యేది కాదు. అది ఆగిపోతుందేమోనని చూస్తూనే కూర్చునేదాన్ని. మా ఆయన తిట్టేవాడు. చీటీ చూసుకుని, నేను కట్టే మనిషినిగా, ఈ కాపలా నాకెందుకని మానుకున్నా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "లేదులేవే. సారే తప్పు రాసుంటారు. ఒకళ్ల జవాబు ఒకళ్ల పేజీలో. నా చేత్తో మడిచిన కాగితం నాకు తెలీదా?" అంది.

నాకూ అదే అనిపించింది. సార్ తప్పు రాసి ఉంటే నేను కాపలా మనిషినే, ఇన్నేళ్ల నా బతుకు నాదే, ఉద్యోగం మాత్రం పోతుంది. సార్ సరిగ్గా రాసి ఉంటే ఉద్యోగం నిలబెట్టుకునే దారి ఉంది, కానీ అప్పుడు ఇన్నేళ్లుగా నాలో కూర్చున్నది ఎవరు? దేనికి మొక్కుకోవాలో కూడా తెలియలేదు.

"ఆ కాగితం అక్కడే ఉంటే తేలిపోతుంది. పద," అంది మస్తాన్‌బీ. మధ్యాహ్నం బండికి ఇద్దరం తెనాలి వచ్చాం.

చివరి గదిని ఆంటీ అలాగే ఉంచారు. "ఊడుస్తాను గానీ కుర్చీలు కదపనమ్మా, ఆయన వద్దన్నారు," అన్నారు. తలుపు తోస్తే లోపల నుంచి చల్లగాలి వచ్చింది, కిటికీ మూసే ఉంది. నేను వెళ్లి మొదటి కుర్చీలో కూర్చున్నాను. కూర్చుంటూనే తల తిప్పి తలుపు వంక చూశాను. మస్తాన్‌బీ కూర్చోలేదు. రెండో కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఊపింది. కుర్చీ కదల్లేదు. ఆమె వంగి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక కాలి కింద గోటితో గీకి ఏదో లాగింది. లాగగానే ఖాళీ కుర్చీ టకటకమని నాలుగుసార్లు ఊగి ఆగింది.

నాలుగు మడతలు పెట్టిన కాగితం, నల్లబడి అట్టలా గట్టిపడిపోయింది. ఆమె విప్పి చూసి నాకు అందించింది. బాపట్ల నుంచి తెనాలికి రైలు సీజన్ టికెట్. దాని మీద ఐడీ కార్డు నంబరు మన చేత్తో రాసుకోవాలి కదా, రాసి ఉంది. ఏడంకె నడుముకు అడ్డగీత పెట్టడం నా అలవాటు. రెండు ఏడులున్నాయి, రెండింటికీ గీతలున్నాయి. నేను తెనాలి తిరిగిన ఏడాదిలో పన్నెండు సీజన్ టికెట్లు కొన్నాను. పాతవి పారేయడం చేతకాక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను. పదకొండే ఉన్నాయి. ఆ ఒక్కటి ఎటు పోయిందా అని ఎన్నిసార్లు డబ్బా బోర్లించానో.

"నీదే," అంది మస్తాన్‌బీ. "మరి నేను మడిచిందేంటే?"

అంతలో గుమ్మం దగ్గర ఆంటీ నిలబడి, పాత అలవాటో మరేమో, "లోపల ఎవరున్నారమ్మా?" అన్నారు. మేమిద్దరం ఒకేసారి, "మస్తానీ," అన్నాం. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మస్తాన్‌బీ నా చేతిలోంచి టికెట్ తీసుకుని, మళ్లీ అవే మడతల్లో మడిచి కాలి కింద దోపి, కుర్చీని ఊపి చూసింది. గట్టిగా నిలబడింది. ఆ పని చేయాలని నాకు తట్టనే లేదు. ఆమె వంగి ఉన్నంతసేపూ నేను తలుపే చూస్తున్నాను. నేనున్నంతసేపూ ఎవరూ రాలేదు. సార్ కొలతలో తప్పు లేదు. ఆయన చూసిన పిల్లలు ఆ గదిలోంచి ఎప్పుడో వెళ్లిపోయారు, అంతే. చీటీ ఎవరి చేతిలో పడితే ఆ మనిషిలా తయారైపోయాం. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సార్ ఎదురుచూసిన మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం. వదులైన రోజే వచ్చి ఉంటే ఆయన చెప్పేవారు.

ఆదివారం సాయంత్రం అరవై ప్రశ్నలకూ జవాబులు రాశాను. నాకు తోచినవి కాదు. కుర్చీ కాలు పొట్టిగా ఉందని చూసి సీజన్ టికెట్ మడిచిన పిల్ల ఏం రాస్తుందా అని, ఆమెను అడిగినట్టుగా ఒక్కొక్కటే అడిగి రాశాను. ఎక్కువసేపు పట్టలేదు. పది రోజులకు కబురొచ్చింది. నేను ప్రోగ్రాములు రాసే రకమట, కచ్చితంగా సరిపోతానట. శిక్షణ మొదలై వారమైంది. బల్ల మీద వేళ్లు మళ్లీ కదులుతున్నాయి. కొన్నిసార్లు నేను ఆలోచించకముందే అవి రాసేస్తాయి, చదివితే సరిగ్గానే ఉంటుంది. అప్పుడు సంతోషమూ వేస్తుంది, భయమూ వేస్తుంది.

ఇవాళ అమ్మ నూనె డబ్బా మూత పెట్టి నా గదిలోకి తొంగి చూసింది. ఒక్కదానివి పని చేసుకోవడానికి రెండు కుర్చీలు ఎందుకే, ఒకటి వంటింట్లోకి తీసుకుపోతానంది. వద్దన్నాను.

"అయితే ఇవెవరికి?"

"ఒకటి నాకమ్మా," అన్నాను.